రైఫిల్ సప్రెసర్ బాగా కాలింది, ఇప్పుడు మజిల్ బ్రేక్ నుంచి ఊడి రావడం లేదు. ఏం చేయాలి?

జడ్చర్ల_టు_డాలస్ | ఆదివారం, ఉదయం 10:20

అందరికీ నమస్తే. ఈ విభాగంలో నాకిది మొదటి పోస్ట్. తప్పులుంటే చెప్పండి.

నిన్న రాత్రి టెక్సస్‌లోని బ్రౌన్‌వుడ్ దగ్గర ఒక రాంచ్‌లో అడవి పందుల వేటకు వెళ్ళాం. ఆ రైతు పాపం జొన్న వేశాడు. తెల్లారేసరికి చేను ట్రాక్టర్‌తో దున్నినట్టు అయిపోతోందట. మా ఊళ్ళో మక్క చేనుకు రాత్రంతా మంచె మీద కాపలా ఉండే మా నాన్న గుర్తొచ్చాడు. పెద్ద మంద వచ్చింది. నాది 16 అంగుళాల బ్యారెల్ ఉన్న 5.56 ఏఆర్-15 రైఫిల్, దాని మీద టైటానియం సప్రెసర్, అదే చప్పుడు తగ్గించడానికి బ్యారెల్ మూతికి తగిలించే డబ్బా, మనం క్యాన్ అనేది. నాలుగైదు నిమిషాల్లో మూడు మ్యాగజైన్లు, అంటే 90 రౌండ్లు కాల్చేశాను. మూడో మ్యాగజైన్‌లో క్యాన్ ముందు నుంచి తెల్లటి మెరుపులు చిమ్మాయి. టెన్షన్‌తో ఆపేశాను. పక్కనున్న స్నేహితుడు సాయం చేద్దామనే ఐస్ బాక్సులో నీళ్ళు తీసి దాని మీద పోశాడు. బుస్సుమని ఆవిరి లేచింది.

ఇవాళ పొద్దున చూస్తే వెనక వైపు పసుపు, ఊదా, నీలం చారలు పడ్డాయి. మజిల్ బ్రేక్ (బ్యారెల్ మూతికి బిగించి, క్యాన్ తగిలించే ముక్క) నుంచి విప్పుదామంటే కదలడం లేదు. నా ప్రశ్నలు: క్యాన్ పాడైందా? ఎలా విప్పాలి? దేనితో కడగాలి? జనవరిలో కొన్నాను, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా శుభ్రం చేయలేదు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు, అందుకే ఏ మందు పడితే అది వాడాలంటే భయంగా ఉంది.

గడ్డి_అన్నారం | ఆదివారం, 10:41

తమ్ముడూ, ముందు మ్యాగజైన్ తీసెయ్, బోల్ట్ వెనక్కి లాగి చాంబర్ ఖాళీగా ఉందో లేదో కంటితో చూడు, వేలు పెట్టి కూడా చూడు. ఇరుక్కున్న క్యాన్‌తో కుస్తీ పట్టేటప్పుడు మనిషి ధ్యాసంతా దాని మీదే ఉంటుంది, చేతులు, మొహం మజిల్ ముందుకు వచ్చేస్తాయి.

రెండోది, ట్యూబ్‌ను వైస్‌లో బిగించకు. దాని గోడ పలచన, ఒక్కసారి నొక్కుకుపోతే ఇక అంతే. పైప్ రెంచ్ అసలు వద్దు. మిగతాది మాస్టారు వచ్చి చెప్తారు.

కొలిమి_మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 1:05

జడ్చర్ల గారూ, మీరు జరిగింది జరిగినట్టు రాశారు కాబట్టి చెప్పడం సులువైంది. నేను వరంగల్ ఎన్‌ఐటీలో మెటలర్జీ చదివాను. మా నాన్నగారు హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిశ్ర ధాతు నిగమ్‌లో పనిచేశారు. టైటానియం, నికెల్ మిశ్రమ లోహాల గురించి ఆయన దగ్గర వింటూనే పెరిగాను. ఇప్పుడు హ్యూస్టన్‌లో ఆయిల్ బావుల పనిముట్లకు ఇన్కొనెల్ అనే నికెల్ మిశ్రమ లోహంతో భాగాలు చేయించే ఉద్యోగం నాది. అందుకని ఈ విషయం నాకు బాగా దగ్గరది, కొంచెం పొడుగ్గా రాస్తాను.

రైఫిల్ సప్రెసర్‌ను చంపేది మురికి కాదు, వేడి. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే మిగతా సగం ప్రశ్నలు తీరిపోతాయి. వారం వారం కడిగి మెరిపించినా, 90 రౌండ్లు ఊపిరాడకుండా కాలిస్తే ఆ కడగడం దాన్ని కాపాడదు.

మీది ఎక్కువగా సిక్స్-ఫోర్ అనే టైటానియం అయి ఉంటుంది, అంటే 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం కలిపినది. బరువు ఉక్కులో సగానికి కొంచెం ఎక్కువ, మామూలు వేడిలో బలం ఉక్కుకు దీటు. కానీ 800 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 427 సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికి ఆ బలంలో మూడో వంతు దాకా పోతుంది. పైగా టైటానియం వేడిని త్వరగా పక్కకు పంపదు. క్యాన్ లోపల వరసగా ఉండే రంధ్రం బిళ్ళలను బ్యాఫిల్స్ అంటారు. బ్యారెల్‌కు దగ్గరగా ఉండే మొదటి బ్యాఫిల్ ఉంది చూడండి, బ్లాస్ట్ బ్యాఫిల్ అంటాం, తగిలిన వేడంతా అక్కడే కూర్చుంటుంది. ట్యూబ్ ముందు భాగం అంత వేడెక్కకపోయినా, వెనకాల లోపలి అంచు మెత్తబడి ఉండొచ్చు. అదే సమయంలో మండుతున్న తుపాకీ మందు గింజలు ఇసుకలా దాన్ని గీకుతుంటాయి. మీరు చూసిన తెల్లటి మెరుపు అదే. ఊడొచ్చిన టైటానియం రేణువులు గాలి తగిలి మండుతున్నాయి. అంటే ఆ మెరుపు మీ బ్యాఫిల్ లోహమే. ఒకటి రెండు మెరుపులు కొత్త టైటానియం క్యాన్‌లో కూడా కనిపిస్తాయి, దానికి భయపడక్కర్లేదు. ధారగా వస్తుంటే మాత్రం వెంటనే ఆపేయాలి. ఎండాకాలం గడ్డి ఎండిపోయి ఉంటే నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

రంగుల సంగతి. ఆ పసుపు, ఊదా, నీలం చారలు పైన ఏర్పడిన ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి కనిపించే రంగులు. రంగు మారినంత మాత్రాన క్యాన్ పోయినట్టు కాదు, ఎంత కాలిందో చెప్పే గుర్తు మాత్రమే. దాన్ని రుద్ది తీయాలని చూడకండి.

ఇక నీళ్ళు. మన ఊళ్ళో కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి పదును పెడతాడు. అది అందుకు తగిన ఉక్కు, తగిన ఆకారం, పైగా చేసేవాడి చెయ్యి. సప్రెసర్ పలచని గోడల డబ్బా, లోపల వరసగా వెల్డింగ్ చేసిన బ్యాఫిల్స్. పైన నీళ్ళు పడ్డచోట లోహం ఒక్కసారిగా ముడుచుకుంటుంది, లోపల ఇంకా ఉబ్బే ఉంటుంది. ఆ లాగుడంతా వెల్డుల మీద పడుతుంది. వంకర పోవచ్చు, పగులు రావచ్చు. కొన్ని క్యాన్లలో బ్లాస్ట్ బ్యాఫిల్‌ను స్టెల్లైట్ అనే కోబాల్ట్ మిశ్రమ లోహంతో చేస్తారు. అది అరుగుదలకు రాయిలా నిలబడుతుంది గానీ ఇలాంటి షాక్‌కు పెళుసు. కాబట్టి వేడిగా ఉన్న క్యాన్ మీద నీళ్ళు గానీ, తడి గుడ్డ గానీ, ఐస్ గానీ వద్దు. బోల్ట్ తెరిచి, గాలి తగిలేలా స్టాండ్ మీద పెట్టి వదిలేయడమే. మీ స్నేహితుణ్ణి ఏమీ అనకండి, ఎవరికైనా అప్పుడు తోచేది అదే.

మీ క్యాన్ పాడైందా అన్నది విప్పి చూస్తే గానీ చెప్పలేం. అప్పటిదాకా దానితో ఒక్క తూటా కూడా కాల్చకండి.

కోదాడ_కింగ్ | ఆదివారం, 1:32

మాస్టారూ, మురికి అసలు లెక్కలోకే రాదంటే నేను ఒప్పుకోను. నేను ప్రతి నెలా నా క్యాన్‌ను సీఎల్‌ఆర్‌లో రాత్రంతా నానబెడతాను. నల్లటి కిట్టం అంతా ఊడి వస్తుంది. అదేనండి, బాత్రూమ్‌లో ఉప్పునీటి తెల్ల పొర పోగొట్టడానికి కొనే సీసా. మనసుకు హాయిగా ఉంటుంది.

కొలిమి_మాస్టారు | ఆదివారం, 2:10

కోదాడ గారూ, మీ క్యాన్ ఏ లోహం? స్టెయిన్‌లెస్ లేదా టైటానియం అయితే అప్పుడప్పుడు చేస్తే ఫరవాలేదు, అదీ తయారీదారు కరపత్రంలో ఒప్పుకుంటేనే. కానీ అది యాసిడ్. అల్యూమినియం భాగం ఒక్కటి ఉన్నా తినేస్తుంది, పైనున్న అనోడైజింగ్ రక్షణ పొర కూడా పోతుంది. రాత్రంతా ఎందుకు? నెల నెలా ఎందుకు? సీలు చేసిన క్యాన్‌లో లోపలికి పోయిన ద్రవం పూర్తిగా బయటికి రావడం కూడా కష్టమే.

నేను చేసేది చెప్తాను. క్యాన్ కొన్న రోజే వంటింటి త్రాసులాంటి డిజిటల్ త్రాసు మీద బరువు చూసి రాసుకున్నాను. ఆ త్రాసు ఈ పనికే, వంటింట్లోకి మళ్ళీ వెళ్ళదు. ఆర్నెల్లకోసారి మళ్ళీ తూస్తాను. రైఫిల్ క్యాన్‌లో మసి కొంత పేరుకున్నాక, పేలుడు ఒత్తిడికి ఎంత చేరుతుందో అంత ఊడిపోతూ ఉంటుంది. నా .308 రైఫిల్ క్యాన్ మొదటి ఏడాది 20 గ్రాముల దాకా పెరిగి అక్కడే ఆగింది. బరువు పెరుగుతూనే పోతే, లేదా శబ్దంలో తేడా వస్తే అప్పుడు కడుగుతాను. ఊరికే కడగను.

గద్వాల_గురి | ఆదివారం, సాయంత్రం 5:48

మాస్టారి మాట రైఫిల్ వరకే. .22 అనే చిన్న తూటా వాడేవాళ్ళు అది చదివి కడగడం మానేస్తే ఆ క్యాన్ సీసం దిమ్మ అయిపోతుంది. నేను ఎక్కువగా కాల్చేది .22నే, కాబట్టి రాస్తున్నాను.

.22 రిమ్‌ఫైర్ తూటా ఎక్కువగా ఒట్టి సీసం, లేదా పైన పలచటి పూత. రాగి తొడుగు ఉండదు. మందు కూడా మురికిగా మండుతుంది. అక్కడి ఒత్తిడి ఆ సీసాన్ని ఊడగొట్టేంత ఉండదు కాబట్టి, కరిగి చిమ్మిన సీసం బ్యాఫిల్స్ మీద పెంకులా గట్టిపడుతుంది. అందుకే మంచి .22 క్యాన్లు విప్పేలా చేస్తారు. నేను 300 నుంచి 500 రౌండ్లకోసారి విప్పుతాను. వెయ్యి దాటనిచ్చానా, బ్యాఫిల్స్ ట్యూబ్‌కు అతుక్కుని బయటికి రావడానికే మొరాయిస్తాయి.

విప్పేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది వరస. బ్యాఫిల్స్ తీసిన వరసలోనే ఒక గుడ్డ మీద పెట్టండి, ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఒక్క బ్యాఫిల్ తలకిందులైనా తూటా దాన్ని తాకొచ్చు, ఆ దెబ్బకు క్యాన్ చీలిపోవచ్చు. స్టెయిన్‌లెస్ బ్యాఫిల్స్ అయితే స్టీల్ పిన్నులు, నీళ్ళు, సబ్బు వేసి టంబ్లర్ అనే గుండ్రంగా తిరిగే మెషిన్‌లో తిప్పితే వెండి గిన్నెల్లా వస్తాయి. అల్యూమినియం వాటికి ఆ దెబ్బ వద్దు. మామూలు సాల్వెంట్‌లో నానబెట్టి ప్లాస్టిక్ పుల్లతో గీకాలి. చూడటానికి మరకలు మిగిలినా ఫరవాలేదు. కడిగి ఆరబెట్టాక బ్యాఫిల్స్‌కు సిలికాన్ నూనె వేలి కొసతో పలచగా రాస్తే, వచ్చేసారి సీసం సులువుగా రాలుతుంది. మొదటి మ్యాగజైన్‌కు కాస్త పొగ వస్తుంది, అంతే.

పిస్టల్ క్యాన్ల గురించి ఒక్క మాట: లోపల బూస్టర్ ఉంటుంది, స్ప్రింగ్, పిస్టన్. దాన్ని మాత్రం ప్రతిసారీ తుడిచి గ్రీజు పెట్టండి, లేకపోతే పిస్టల్ సరిగా సైకిల్ కాదు, అంటే తర్వాతి తూటాను ఎక్కించుకోదు.

బందరు_బుల్లోడు | ఆదివారం, 6:15

అన్నా, వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ సగం సగం కలిపి ముంచితే సీసం మొత్తం కరిగిపోతుందని వీడియోలో చూశాను. ఇంట్లో రెండూ ఉన్నాయి. రేపు ట్రై చేద్దామనుకుంటున్నా.

పాలమూరు_నర్స్ | ఆదివారం, 6:22

బుల్లోడు తమ్ముడూ, దయచేసి చేయకు. నేను పిల్లల ఆస్పత్రిలో నర్సుని, ఈ ఒక్క విషయానికే లాగిన్ అయ్యాను.

ఆ మిశ్రమం సీసాన్ని మాయం చేయదు, లెడ్ అసిటేట్‌గా మారుస్తుంది. గట్టి సీసం ముక్క చేతిలో ఉంటే వచ్చే ప్రమాదం వేరు, నీళ్ళలో కరిగిపోయే సీసం వేరు. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి పోగలదు. చిందితే, గిన్నెకు అంటితే, సింకులో పోస్తే అది ఇంట్లోనే ఉంటుంది. ఒకసారి చేశాక ఆ నీళ్ళు ప్రమాదకర వ్యర్థం. కౌంటీ వాళ్ళ సేకరణ కేంద్రానికి తీసుకెళ్ళి అప్పగించాలి.

సీసం పిల్లలకు ఎంత తక్కువైనా మంచిది కాదు, సురక్షితమైన మోతాదు అనేది లేదు. 2021లో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ పిల్లల రక్తంలో చూడాల్సిన హద్దును డెసిలీటర్‌కు 5 నుంచి 3.5 మైక్రోగ్రాములకు తగ్గించింది. ఎదిగే మెదడు మీద పడే దెబ్బను మళ్ళీ సరిచేయలేం. చిన్నపిల్లలు నేల మీద పాకుతారు, చేతులు నోట్లో పెట్టుకుంటారు. నాన్న చెప్పులకు, ప్యాంటుకు అంటిన పొడి చాలు. జడ్చర్ల తమ్ముడూ, మీ ఇంట్లో ఇద్దరున్నారన్నావు కదా, నీ కోసం కూడా చెప్తున్నా.

కడగడం గ్యారేజీలో, తలుపు తెరిచి. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకో. పొడి బ్రష్‌తో గీకితే దుమ్ము లేస్తుంది, ఎప్పుడూ తడిగా ఉంచే గీకు. తుడిచిన కాగితాలు విడిగా కవర్లో కట్టు. గ్లోవ్స్ తీశాక సబ్బుతో చేతులు, మొహం కడుక్కుని, బట్టలు మార్చి, అవి విడిగా ఉతికాకే పిల్లల్ని ఎత్తుకో. రాగి తొడుగు తూటాలు వాడేవాళ్ళకూ ఇది వర్తిస్తుంది, ఎందుకంటే తూటాలో మందును అంటించే ప్రైమర్లలో చాలా రకాల్లో కూడా సీసం ఉంటుంది. ముఖ్యంగా సెమీ ఆటోమేటిక్‌కు క్యాన్ పెడితే గ్యాస్ వెనక్కి తన్ని మొహం మీదకే వస్తుంది.

బందరు_బుల్లోడు | ఆదివారం, 6:40

అక్కా, థాంక్స్. చేయను. వెనిగర్ సీసా మళ్ళీ కిచెన్‌లో పెట్టేశాను.

గద్వాల_గురి | ఆదివారం, 6:51

అక్క చెప్పింది అక్షరాలా నిజం. నేను రాయడం మర్చిపోయాను, నా టంబ్లర్ నీళ్ళలో కూడా సీసం ఉంటుంది. మూత ఉన్న డబ్బాలో పోసి ఏడాదికి ఒకసారి సేకరణ కేంద్రంలో ఇస్తాను. నగలు, కళ్ళజోళ్ళు కడిగే అల్ట్రాసోనిక్ మెషిన్‌లో బ్యాఫిల్స్ వేసేవాళ్ళూ ఉన్నారు. ఒకసారి బ్యాఫిల్స్ వేశాక ఇంకేదీ అందులో వేయకండి.

గడ్డి_అన్నారం | ఆదివారం, రాత్రి 8:30

ఇరుక్కున్న క్యాన్ సంగతికొద్దాం. దీన్ని కార్బన్ లాక్ అంటారు. బ్రేక్‌కూ క్యాన్‌కూ మధ్య సందులోకి మసి పోయి, వేడికి సిమెంట్‌లా గట్టిపడుతుంది. క్యాన్‌ను నెలల తరబడి తీయకుండా ఉంచితే ఎక్కువ.

తమ్ముడూ, ఇలా చెయ్యి. రైఫిల్‌ను మజిల్ కిందికి వచ్చేలా నిలబెట్టు, నూనె చాంబర్ వైపు పారకుండా. క్యాన్ వెనక అంచు దగ్గర, బ్రేక్ లోపలికి పోయే సందులో పెనిట్రేటింగ్ ఆయిల్ చుక్కలు చుక్కలుగా వేసి ఒక రాత్రి వదిలెయ్. పొద్దున మళ్ళీ వెయ్. తర్వాత ప్లాస్టిక్ లేదా రబ్బరు సుత్తితో వెనక భాగం చుట్టూ చిన్నగా తట్టు. బ్యారెల్‌ను బ్యారెల్ బిగింపులో పట్టించు, రిసీవర్ (బోల్ట్ ఉండే భాగం) మీద బలం పడితే, బ్యారెల్ పక్కకు తిరగకుండా పట్టే ఇండెక్స్ పిన్ దెబ్బతింటుంది. క్యాన్‌ను స్ట్రాప్ రెంచ్‌తో తిప్పు, నిదానంగా, జర్క్ ఇవ్వకుండా. కొన్ని క్యాన్లకు వెనక రెంచ్ పెట్టే చదునులు ఉంటాయి, ఉంటే అదే మేలు. అయినా రాకపోతే హీట్ గన్‌తో కొద్దిగా వెచ్చబెట్టు. గ్యాస్ టార్చ్ జోలికి పోవద్దు. ఇంకో సంగతి, ఆయిల్ వేసిన చోట హీట్ గన్ పెట్టే ముందు బాగా తుడువు, ఆయిల్ ఆవిరి అంటుకుంటుంది.

చాలామంది రెండు మూడు రౌండ్లు కాల్చి వేడి చేసి విప్పుతారు. నీ క్యాన్ లోపల ఏమైందో తెలియదు కాబట్టి నీకు అది వద్దు.

బ్రేక్ కూడా క్యాన్‌తో పాటు ఊడొచ్చిందనుకో, దాన్ని బిగించడానికి వాడిన గ్లూ తప్పని అర్థం. ఎర్ర లాక్‌టైట్ 500 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పట్టు వదిలేస్తుంది, సప్రెసర్ దగ్గర ఆ వేడి ఎంతసేపు! బ్రేక్‌కు రాక్‌సెట్ వాడాలి. అది సిరామిక్ రకం, సుమారు 2,000 డిగ్రీలు తట్టుకుంటుంది. ఒక రోజంతా ఆరనివ్వాలి. తీయాలంటే నీళ్ళలో నానబెడితే చాలు. డైరెక్ట్ థ్రెడ్ క్యాన్ (బ్రేక్ లేకుండా నేరుగా బ్యారెల్ మరల మీద తిప్పేది) వాడేవాళ్ళు మాత్రం గ్లూ కాదు, పట్టేయకుండా ఉంచే కాపర్ లేదా నికెల్ యాంటీ సీజ్ గ్రీజు మరల మీద అగ్గిపుల్ల కొసంత రాయండి. టైటానియం మరలు ఉక్కు మీద పొడిగా తిరిగితే పట్టేసుకుంటాయి.

నెల్లూరు_నైట్‌హంటర్ | సోమవారం, ఉదయం 7:12

కవర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను థర్మల్ స్కోప్‌తో, అంటే వేడిని చూపే దుర్భిణితో వేటాడతాను. నాలుగు రౌండ్లయ్యాక క్యాన్ స్కోప్‌లో కింద తెల్లగా వెలుగుతుంది, పందిని కనపడనీయదు. కవర్ తొడిగితే ఆ బాధ ఉండదు. కవర్ మంచిదా కాదా?

కొలిమి_మాస్టారు | సోమవారం, 7:50

కవర్ మీ కళ్ళకు మంచిది, క్యాన్‌కు కాదు. ఎండాకాలం దుప్పటి కప్పినట్టే, లోపలి వేడి బయటికి పోదు. బోల్ట్ రైఫిల్‌తో ఐదారు రౌండ్లు నిదానంగా కాల్చేవాళ్ళకు బాగా పనికొస్తుంది, దూరపు గురిలో ఎండమావిలా గాలి అలలాడకుండా ఉంటుంది. సెమీ ఆటోతో వేగంగా కాల్చేవాళ్ళకు వద్దే వద్దు. మామూలు కవర్లు ఒక మ్యాగజైన్ వేగంగా కాలిస్తేనే మాడి క్యాన్‌కు అంటుకుంటాయి. మీరు వాడాలనుకుంటే కాల్పులు ఆపిన వెంటనే, మందపాటి గ్లోవ్ వేసుకుని తీసేయండి.

బయటి పెయింట్ సంగతీ ఇలాగే. ఓవెన్‌లో కాల్చే హెచ్ సిరీస్ సెరాకోట్ పూత సప్రెసర్‌కు చాలదు, వేడికి రంగు పోతుంది. సి సిరీస్ ఆ పనికే చేసింది.

చీరాల_చిన్నోడు | సోమవారం, 9:03

మాస్టారూ, నేను ఇంకా కొనలేదు. టైటానియం కొనాలా, ఇన్కొనెలా?

కొలిమి_మాస్టారు | సోమవారం, 9:40

భుజాన వేసుకుని కొండలెక్కి, రోజుకు రెండు మూడు రౌండ్లు కాల్చే జింక వేట అయితే టైటానియం. రాత్రి పందుల మందల మీదకు వెళ్తే ఇన్కొనెల్, లేదా కనీసం 17-4 స్టెయిన్‌లెస్ మీద స్టెల్లైట్ బ్లాస్ట్ బ్యాఫిల్. ఇన్కొనెల్ 718 సుమారు 1,200 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా బలం నిలుపుకుంటుంది. విమాన ఇంజిన్లలో వాడేది అందుకే. బరువు మాత్రం టైటానియానికి రెట్టింపు దాకా ఉంటుంది, రైఫిల్ ముక్కు కిందికి లాగుతుంది. ఒక్క క్యాన్‌తో అన్నీ కావాలంటే బరువు మోయడమే మంచిది.

ఏది కొన్నా కరపత్రంలో రెండు విషయాలు చదవండి: కనీస బ్యారెల్ పొడవు, కాల్పుల వేగం. పొట్టి బ్యారెల్‌లో మందు పూర్తిగా కాలకముందే తూటా బయటపడుతుంది, మిగిలిన మంట అంతా బ్లాస్ట్ బ్యాఫిల్ మీదే పడుతుంది. 16 అంగుళాల మీద ఏళ్ళు నిలిచే క్యాన్ 10 అంగుళాల మీద చాలా త్వరగా అరిగిపోతుంది.

మోడరేటర్ | సోమవారం, 11:30

చర్చ బాగుంది. కొత్తగా చేరినవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి చట్టం గురించి ఇక్కడే చెప్తున్నాను.

2026 జనవరి 1 నుంచి సప్రెసర్ మీద 200 డాలర్ల ఫెడరల్ పన్ను సున్నా అయింది. 1934 చట్టం నాటి పన్ను అది. పన్ను పోయింది గానీ రిజిస్ట్రేషన్, వేలిముద్రలు, ఫొటో, ఆమోదం వచ్చేదాకా ఆగడం అన్నీ అలాగే ఉన్నాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్, మసాచుసెట్స్, రోడ్ ఐలాండ్, డెలావేర్, హవాయి రాష్ట్రాల్లో మామూలు పౌరులకు అనుమతి లేదు. ఇండియాలో పౌరులకు అసలే నిషేధం. కాబట్టి ఇంటికి వెళ్ళేటప్పుడు సామానులో దాని ముక్క కూడా ఉండకుండా చూసుకోండి.

పాడైన బ్యాఫిల్‌ను మీరే మార్చడం, విడి బ్యాఫిల్ తెప్పించుకోవడం కుదరదు. చట్టం దృష్టిలో ఆ ఒక్క బ్యాఫిల్ కూడా సప్రెసరే. రిపేరుకు తయారీదారు దగ్గరికి, లేదా లైసెన్సు ఉన్నవాళ్ళ దగ్గరికే పంపాలి. శుభ్రం చేసే కిట్ అని చెప్పి సాల్వెంట్ ట్రాప్ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మేవాటి జోలికి వెళ్ళకండి. వాటికి రంధ్రం చేసి సప్రెసర్‌గా మార్చడం గురించి ఇక్కడ ఎవరు రాసినా ఆ పోస్ట్ తీసేస్తాం.

కొత్త_ఫ్రిస్కో | సోమవారం, మధ్యాహ్నం 12:15

హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు ఫ్రెండ్ క్యాన్‌ను దగ్గర పెట్టుకుని కడగొచ్చా?

మోడరేటర్ | సోమవారం, 12:40

వద్దు. ఫెడరల్ చట్టంలో నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకు తుపాకీ దగ్గర ఉంచుకోవడం సాధారణంగా నిషేధం. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. సప్రెసర్ కూడా అక్కడ తుపాకీ కిందే లెక్క. పైగా అది రిజిస్టర్ అయింది మీ ఫ్రెండ్ పేరు మీద, అతను పక్కన లేకుండా మీ ఇంట్లో ఉండకూడదు. మీ వీసా, మీ భవిష్యత్తు దాని కంటే విలువైనవి. మినహాయింపు వాడుకోవాలనుకుంటే ముందు లాయర్‌తో మాట్లాడండి.

జడ్చర్ల_టు_డాలస్ | శుక్రవారం, రాత్రి 9:55

అందరికీ చేతులెత్తి దండం. క్యాన్ వచ్చింది.

గడ్డి అన్నారం అన్న చెప్పినట్టే రెండు రాత్రులు ఆయిల్ వేశాను. మొదటి రోజు కదల్లేదు. రెండో రోజు రబ్బరు సుత్తితో చుట్టూ తట్టి స్ట్రాప్ రెంచ్ తిప్పితే టక్కుమని శబ్దం వచ్చి వదిలేసింది. బ్రేక్ దాని చోటే ఉంది. సందులోంచి నల్లటి పెంకులు రాలాయి. నర్స్ అక్క చెప్పినట్టు గ్లోవ్స్ వేసుకుని, కింద తడి కాగితం పరిచి, గ్యారేజీలోనే చేశాను. పిల్లలు లోపల అమ్మ దగ్గర ఉన్నారు. బట్టలు విడిగా ఉతికించాను.

బరువు: కరపత్రంలో 408 గ్రాములు, ఇప్పుడు 423. అంటే 15 గ్రాముల మసి. మాస్టారూ, ఇది కడగాల్సినంతా?

లోపల టార్చ్ వేసి చూస్తే బ్లాస్ట్ బ్యాఫిల్ రంధ్రం అంచు గుండ్రంగా లేదు, ఒక వైపు ఎలుక కొరికినట్టు ఉంది. చిన్న బోర్‌స్కోప్ కెమెరాతో తీసిన ఫొటో పెడుతున్నాను. ముందు మూత దగ్గర తూటా రాసుకున్న గీత ఏదీ కనిపించలేదు.

కొలిమి_మాస్టారు | శుక్రవారం, 10:30

ఫొటో చూశాను. ఆ అంచు కొరికినట్టున్నది అరుగుదలే, మెరుపులుగా పోయిన లోహం అక్కడిదే. అదొక్కటే అయితే చాలా క్యాన్లు ఇంకా పనిచేస్తాయి. నాకు అనుమానమంతా నీళ్ళు పోసిన చోట వెల్డుల మీదే. పగులు టార్చ్‌కు దొరకదు.

15 గ్రాములకు కడగక్కర్లేదు. బ్రేక్ తాకే టేపర్‌ను (ఏటవాలు అంచును), మరలను మాత్రం సాల్వెంట్ గుడ్డతో తుడవండి. అక్కడ మసి ఉంటే క్యాన్ వంకరగా కూర్చుంటుంది.

తర్వాత అలైన్‌మెంట్ రాడ్ కొనండి, 5.56 బోర్‌కు సరిపోయేది. చాంబర్ ఖాళీ చేసి, క్యాన్ బిగించి, మజిల్ వైపు నుంచి రాడ్ నెమ్మదిగా లోపలికి దింపి, ముందు రంధ్రంలో అది మధ్యలో ఉందా లేదా చూడండి. ఒక పక్కకు ఒరిగితే అక్కడితో ఆపేయండి. మధ్యలో ఉన్నా కూడా, తయారీదారుకు ఫోన్ చేసి జరిగింది దాచకుండా చెప్పండి, నీళ్ళ సంగతితో సహా. పంపమంటే పంపండి.

జడ్చర్ల_టు_డాలస్ | తర్వాతి మంగళవారం, సాయంత్రం 6:10

రాడ్ వచ్చింది. చూశాను, కంటికి మధ్యలోనే ఉంది. తయారీదారుకు ఫోన్ చేసి అంతా చెప్పాను. వెల్డులు పరీక్షిస్తాం, పంపమన్నారు. రేపు పెట్టె కట్టి పంపుతున్నాను.

ఆ రాంచ్ రైతు మళ్ళీ ఫోన్ చేశాడు, మంద ఇంకా తిరుగుతోందట. ఈసారి క్యాన్ లేకుండా, చెవులకు మఫ్స్ పెట్టుకుని వెళ్తాను. ఒక మ్యాగజైన్ కాల్చి, బోల్ట్ తెరిచి పెట్టి, చల్లబడ్డాకే రెండోది.

నెల్లూరు_నైట్‌హంటర్ | మంగళవారం, 6:34

క్యాన్ ఉన్నా మఫ్స్ వదలకు తమ్ముడూ. సప్రెసర్ తగ్గించేది 20 నుంచి 35 డెసిబెల్సే. 5.56 శబ్దం మొదటే 160 దాటి ఉంటుంది, పైగా తూటా గాలిని చీల్చే చప్పుడును ఏ క్యాన్ ఆపలేదు. నాకు కుడి చెవిలో ఏడేళ్ళ నుంచి గుయ్యిమంటూనే ఉంది.

పాలమూరు_నర్స్ | మంగళవారం, 7:02

జడ్చర్ల తమ్ముడూ, పెట్టె కట్టేటప్పుడు కూడా గ్లోవ్స్ వేసుకో. ఆ త్రాసును తడి గుడ్డతో తుడిచి గ్యారేజీలో పై అరలో పెట్టు, పిల్లలకు అందకుండా.